పాత ఎలక్ట్రిక్ కారు ఇచ్చేసి కొత్తది ఎప్పుడు బుక్ చేయాలి? కర్నూలు దారుల లెక్కతో చూద్దాం

కర్నూలులో 2020, 2021 ప్రాంతంలో ఎలక్ట్రిక్ కారు కొన్న చాలామందికి ఇప్పుడు ఒకటే ఆలోచన. బండి బాగానే తిరుగుతోంది. కానీ షోరూమ్ ముందు నుంచి వెళ్తే అంతకన్నా చాలా దూరం వెళ్లే మోడళ్లు కనబడుతున్నాయి, ఎక్స్ఛేంజ్ బోనస్ ఉందంటూ ఫోన్లు వస్తున్నాయి. ఇప్పుడే ఇచ్చేద్దామా, ఇంకో ఏడాది లాగుదామా? కొత్త మోడల్ వచ్చేదాకా చూద్దామని కూర్చుంటే ఇది ఎప్పటికీ తేలదు, ఎందుకంటే ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. తేల్చాల్సింది మీ పాత బండే. దాని బ్యాటరీ వారంటీ ఎంత మిగిలింది, మీరు తరచూ వెళ్లే దూరప్రయాణాన్ని అది ఇంకా సుఖంగా చేయగలుగుతోందా అన్నవి ముందు తెలుసుకోండి. మిగతావన్నీ లెక్కలు, కాగితాలు.

మొదటి పని: మీరు తిరిగే దారులు రాసుకోండి

గత ఏడాదిలో ఈ బండిలో వెళ్లిన ఊళ్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఆఫీసుకు, కొండారెడ్డి బురుజు వైపు మార్కెట్‌కు, పిల్లల కాలేజీకి తిరిగేది రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు దాటదు. ఆ తిరుగుడుకు బ్యాటరీ బాగా తగ్గిపోయిన బండి కూడా సరిపోతుంది. మనం చూడాల్సింది ఊరు దాటే ప్రయాణాలు. నంద్యాల సుమారు 70 కిలోమీటర్లు, ఒక్క ఛార్జింగ్‌తో పోయి రావచ్చు. మంత్రాలయం పోయి రావడమంటే రెండు వందలకు దగ్గర. అనంతపురం ఒకవైపే దాదాపు 150, హైదరాబాద్ 210 పైన, బెంగళూరు 360 దాకా.

ప్రతి ఊరి పక్కన ఏడాదికి ఎన్నిసార్లు వెళ్లారో, దారిలో ఛార్జింగ్ కోసం ఎంతసేపు ఆగారో వేయండి. హైదరాబాద్‌కు ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లి, దారిలో ఒకసారి గంటసేపు ఆగేవాళ్లకు ఆ ఒక్క కారణంతో తొమ్మిది పది లక్షలు అదనంగా పోయడం దండగ. ఆ రోజులకు క్యాబ్ మాట్లాడుకున్నా చాలా తక్కువలో అయిపోతుంది. అదే నెలకు రెండుసార్లు అమ్మానాన్నలను హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన ఇల్లయితే సంగతి వేరు. మే నెల ఎండలో పెద్దవాళ్లను ఛార్జింగ్ స్టేషన్ దగ్గర కూర్చోబెట్టడం మామూలు కష్టం కాదు. ముందున్న కారు ఛార్జింగ్ అయ్యేదాకా మనం ఆగాల్సి వస్తే ఇంకా టెన్షన్. అలాంటి అవసరం ఉన్నవాళ్లు మారడమే మంచిదని నా అభిప్రాయం, డబ్బు లెక్క కాస్త అటూ ఇటూ అయినా సరే.

రెండో పని: హైవే మీద బండిని కొలవండి

మీటర్ మీద కనబడే రేంజ్‌ను నమ్మి నిర్ణయం తీసుకోవద్దు. అది మీరు అంతకుముందు నడిపిన తీరును బట్టి వేసే అంచనా మాత్రమే. కొలిచి చూడటం కష్టమేమీ కాదు, మీరు ఎలాగూ హైదరాబాద్ వెళ్తున్న రోజు చేసేయొచ్చు. వేసవిలో అయితే ఇంకా మంచిది, ఏసీ గట్టిగా పనిచేసే రోజున బండి ఎంత ఇస్తుందో తెలుస్తుంది.

ముందురోజు రాత్రి ఇంట్లో స్లో ఛార్జర్ పెట్టి వంద శాతం నింపండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీలకు అప్పుడప్పుడు ఇలా పూర్తిగా నింపకపోతే మీటర్ శాతాన్ని సరిగ్గా చూపించదు. పొద్దున టైర్లలో గాలి చూసుకుని ట్రిప్ మీటర్‌ను సున్నా చేయండి. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, 44వ నంబరు జాతీయ రహదారి మీద 80, 90 మధ్య వేగంతో వెళ్లండి. పుల్లూరు టోల్ దగ్గర ఒకసారి, జడ్చర్లలో ఒకసారి ఆగి, ఎన్ని కిలోమీటర్లు వచ్చారో, ఎంత శాతం మిగిలిందో రాసుకోండి.

ఉదాహరణకు జడ్చర్ల చేరేసరికి ట్రిప్ మీటర్ 130 చూపించింది, బ్యాటరీ 35 శాతం మిగిలింది అనుకుందాం. అంటే 65 శాతానికి 130 కిలోమీటర్లు, ఒక్కో శాతానికి రెండు. వంద శాతానికి 200. అడుగున పది శాతం ఎప్పుడూ ఉంచుకోవాలి కాబట్టి చేతికి వచ్చేది 180. ఆగకుండా హైదరాబాద్ చేరలేరు, అనంతపురం నిశ్చింతగా చేరతారు. మీ బండి గురించి ఏ సేల్స్‌మన్ చెప్పేదానికన్నా ఈ అంకె నిజమైనది.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. టాటా మొదటి నెక్సాన్ ఈవీకి కంపెనీ చెప్పిన రేంజ్ 312 కిలోమీటర్లు, ఇప్పుడు 200 వస్తోంది, బ్యాటరీ పోయింది అనుకుంటారు. ఆ 312 పరీక్ష కేంద్రంలో వచ్చిన అంకె. కొత్తలో కూడా హైవే మీద అంత వచ్చేది కాదు. బ్యాటరీ నిజంగా ఎంత అరిగిందో తెలియాలంటే సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టించి బ్యాటరీ హెల్త్ రిపోర్టు అడగండి. నోటిమాటగా వద్దు, ప్రింట్ కావాలనండి. రేపు బండి అమ్మేటప్పుడు బేరం దాని మీదే నడుస్తుంది.

మూడో పని: వారంటీ పుస్తకం తీయండి

టాటా నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో వచ్చినప్పుడు బ్యాటరీకి, మోటారుకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది అని వారంటీ ఇచ్చారు. ఆ ఏడాది కొన్న బండికి 2028తో గడువు తీరిపోతుంది. ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకైతే ఆరున్నర ఏళ్లలోపే తీరిపోతుంది. కాబట్టి సంవత్సరాలు ఒక్కటే చూడకుండా ఓడోమీటర్ కూడా చూసి, రెండింటిలో ముందొచ్చే నెలను క్యాలెండర్‌లో రాసుకోండి.

సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనేవాడు మొదట అడిగేది వారంటీ గురించే. బ్యాటరీ పోతే తన జేబు ఖాళీ అవుతుందని అతని భయం, అందులో తప్పేమీ లేదు. వారంటీ రెండు మూడేళ్లు ఉందంటే కూర్చుని మాట్లాడతాడు. ఆరు నెలలే ఉందంటే సగం మంది అక్కడే లేచిపోతారు, మిగిలినవాళ్లు అయినకాడికి అడుగుతారు. అందుకే ఎలాగూ మార్చాలనుకునేవాళ్లు వారంటీ రెండేళ్లు మిగిలి ఉండగా మార్చడం మంచిదంటాను. మార్చే ఉద్దేశమే లేక, ఊళ్లో తిరగడానికి ఉంచుకునేవాళ్లు ఈ తేదీ గురించి కంగారు పడక్కర్లేదు.

వారంటీ రెండో ఓనర్‌కు వెళ్తుందా, వెళ్తే ఏ షరతులతో అన్నది కూడా పుస్తకంలో చూడండి. ఈమధ్య కొన్ని కంపెనీలు ఇస్తున్న లైఫ్‌టైమ్ బ్యాటరీ వారంటీ మొదటి ఓనర్‌కే వర్తిస్తుంది. కొత్త కారు కొనేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి, రేపు దాన్ని అమ్మేదీ మీరే.

పాత బండి ధర ఎందుకు పడుతుంది?

కొత్త బండి ధర తగ్గిన రోజున పాత బండి ధర కూడా తగ్గుతుంది. 2024 ఫిబ్రవరిలో టాటా నెక్సాన్ ఈవీ ధరను 1.2 లక్షల వరకు తగ్గించింది, అదే ఏడాది పండుగల ముందు మూడు లక్షల వరకు తగ్గించింది. కొత్తదే అంత తక్కువకు వస్తుంటే పాతదానికి మునుపటి ధర ఎవరిస్తారు? 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్ కార్ల మీద పాత 5 శాతమే కొనసాగింది. దాంతో రెండింటి మధ్య తేడా తగ్గి, ఎలక్ట్రిక్ కారు కొందామనుకున్న కొందరు మళ్లీ పెట్రోల్ వైపు చూశారు. వీటిని ముందే ఊహించి లాభపడటం మన చేతిలో లేదు. అందుకే ధర ఇంకా తగ్గుతుందని ఎదురుచూడటం ఉపయోగం లేని పని. కొత్తదాని మీద మిగిలేది పాతదాని మీద పోతుంది.

నాలుగో పని: చేతి నుంచి పోయే మొత్తాన్ని పోల్చండి

"మీ బండికి ఏడు లక్షలు ఇస్తాం సార్" అని ఒక షోరూమ్ అంటే మనసు అటు లాగుతుంది. కానీ చూడాల్సిన అంకె అది కాదు. పాత బండి తాళం ఇచ్చి కొత్త బండి తాళం తీసుకోవడానికి మీరు కట్టే మొత్తం ఎంత? అదొక్కటే చూడండి.

ఉదాహరణకు ఒక షోరూమ్‌లో కొత్త బండి ఆన్‌రోడ్ ధర 17 లక్షలు. పాత బండికి 6.6 లక్షలు, ఎక్స్ఛేంజ్ బోనస్ 50 వేలు, డిస్కౌంట్ 20 వేలు ఇస్తారు. మీరు కట్టేది 9.7 లక్షలు. ఇంకో షోరూమ్ పాత బండికి 7 లక్షలు అంటుంది, బోనస్ లేదు, డిస్కౌంట్ 10 వేలు, పైగా ఇన్సూరెన్స్ తమ దగ్గరే చేయించాలని 15 వేలు ఎక్కువ వేస్తుంది. మీరు కట్టేది 10.05 లక్షలు. ఏడు లక్షలన్న చోటే 35 వేలు ఎక్కువ పోయింది. బయట ఒకాయన పాత బండిని 7.2 లక్షలకు అడిగాడనుకోండి. మొదటి షోరూమ్‌లో బోనస్ పోయినా డిస్కౌంట్ ఉంటుంది కాబట్టి 9.6 లక్షలవుతుంది. పది వేలు మిగులుతాయి. ఆ పది వేల కోసం బయటివాళ్లకు అమ్మి, ఆర్సీ మారేదాకా వాళ్ల వెంట తిరగడం కన్నా షోరూమ్‌కే ఇవ్వడం నయం. తేడా యాభై, అరవై వేలు ఉంటే బయట అమ్మండి.

సరిహద్దు జిల్లా కాబట్టి మనకు గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా కొనేవాళ్లు వస్తారు. వేరే రాష్ట్రానికి బండి వెళ్తే మన ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీయాలి, అక్కడి టాక్స్ సంగతి చూసుకోవాలి. వాళ్లు తక్కువకు అడగడానికి కారణం అదే. మీ బండిలో లోపమేదో ఉందనుకుని దిగిపోకండి.

బండి మీద లోన్ ఉంటే ఈ దశలోనే బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్, అంటే లోన్ మొత్తం ఇప్పుడే తీర్చాలంటే ఎంత కట్టాలో చెప్పే కాగితం, తెప్పించుకోండి. ముందుగా కట్టేసినందుకు వేసే ఛార్జీ కూడా పై లెక్కలో కలపాలి.

ఐదో పని: నెల చూసుకోండి

ఆషాఢంలో మనవాళ్లు బండి ఇంటికి తెచ్చుకోరు, కాబట్టి షోరూమ్‌లు ఆఫర్లు పెడతాయి. ఆషాఢంలో బేరమాడి బుక్ చేసి, శ్రావణంలో మంచిరోజు చూసి డెలివరీ తీసుకోవడం మంచి పద్ధతే. అయితే ఆ నెల ఆఫర్ చాలాసార్లు ఆ నెలలో బిల్లు అయిన బండికే వర్తిస్తుంది. ఆఫర్ బుకింగ్ తేదీని బట్టా, బిల్లు తేదీని బట్టా అని అడిగి రాయించుకోండి. దసరాకు అందరూ ఎగబడతారు, కావాల్సిన రంగు దొరకదు, బేరానికి ఎక్కువ చోటుండదు.

డిసెంబరులో డిస్కౌంట్ బాగుంటుంది, కానీ జనవరి రాగానే ఆ బండి గత ఏడాది బండి అయిపోతుంది. ఎనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లకు ఫర్వాలేదు. మూడేళ్లలో మళ్లీ మార్చే అలవాటున్నవాళ్లు ఆ డిస్కౌంట్‌ను అమ్మేటప్పుడు తిరిగి ఇచ్చేసినట్టే. వ్యాపారం పేరు మీద కొనేవాళ్లు ఆదాయపు పన్ను లెక్కలో తరుగుదల (డిప్రిసియేషన్) ఎంత క్లెయిమ్ చేయొచ్చో ఆడిటర్‌ను అడిగి నెల నిర్ణయించుకోండి. ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే తరుగుదల సగమే వస్తుంది.

ఆరో పని: బుక్ చేసేటప్పుడు

కొత్త బండిని టెస్ట్ డ్రైవ్‌లో సీ క్యాంపు చుట్టూ ఒక రౌండ్ వేసి వచ్చేయకండి. హైవే ఎక్కించి, పాత బండికి చేసినట్టే శాతం, కిలోమీటర్లు రాసుకోండి. ముప్పై కిలోమీటర్లు నడిపినా ఒక అంచనా వస్తుంది. పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలోనే తయారవుతున్న కియా కారెన్స్ క్లావిస్ ఈవీకి పెద్ద బ్యాటరీతో 490 కిలోమీటర్లని చెబుతారు. ఏ కంపెనీ అంకెనైనా మన హైవే మీద కొలిచాకే లెక్కలోకి తీసుకోండి.

బుకింగ్ రసీదు మీద మోడల్, వేరియంట్, రంగు, ఎక్స్ఛేంజ్ విలువ, ఆ విలువ ఏ తేదీ వరకు చెల్లుతుందో రాయించండి. క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి ఎన్ని రోజుల్లో వస్తుందో కూడా. మామూలుగా డెలివరీ రోజున్న ధరే వర్తిస్తుందని షరతు ఉంటుంది, మధ్యలో పెరిగితే ఎవరు భరిస్తారో ముందే అడగండి. మిగతా సొమ్ము ఛాసిస్ నంబరు చూసి, తయారైన నెల సరిపోయిందని తేలాకే కట్టండి. సేల్ సర్టిఫికెట్‌లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగానే తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అది ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, రసీదు పారేయకండి.

ఇంట్లో 7.2 కిలోవాట్ల ఛార్జర్ పెట్టాలనుకుంటే బండి రాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మీటర్ లోడ్ చూపించండి. సరిపోకపోతే కరెంటాఫీసులో లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టాలి. బండి వాకిట్లోకి వచ్చాక మొదలుపెడితే పదిహేను ఆంపియర్ల ప్లగ్‌తోనే సర్దుకోవాల్సి వస్తుంది.

చివరగా, పాత బండి అప్పగించే రోజు

కొత్తది చేతికి రాకముందు పాతది ఇవ్వకండి. డెలివరీ వాయిదా పడితే మధ్యలో మీరు నడిచి తిరగాలి. విలువ కట్టిన రోజుకు, ఇచ్చే రోజుకు మధ్య బండికి గీతలు పడితే ధర తగ్గిస్తారు, జాగ్రత్తగా నడపండి. బండితో వచ్చిన పోర్టబుల్ ఛార్జర్, రెండో తాళం దగ్గర పెట్టుకోండి, అవి లేకపోతే కోత పెడతారు. మొబైల్ యాప్ నుంచి బండిని తీసేయండి, ఫాస్టాగ్‌ను మూసేయించండి. పాత ఇన్సూరెన్స్‌లోని నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. 50 శాతం దాకా ఉంటుంది. కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే కొత్త పాలసీకి వాడుకోవచ్చు.

ఓనర్ పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 మీద ఖాళీ గడులు వదిలేసి సంతకాలు పెట్టకండి. తేదీ, సమయం, ఓడోమీటర్ రీడింగ్‌తో బండి అప్పగించినట్టు లెటర్ తీసుకోండి. 2023 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం, రవాణా శాఖ ఆథరైజేషన్ ఉన్న డీలర్ మీ బండి తీసుకుంటే ఫారం 29సీ ద్వారా ఆ శాఖ పోర్టల్‌లో నమోదు చేయించాలి, అక్కడి నుంచి బాధ్యత డీలర్‌ది. ఆ నమోదు కాపీ మీరే అడిగి తీసుకోవాలి. రికార్డులో మీ పేరే ఉండగా ఆ బండి ఎక్కడైనా యాక్సిడెంట్ చేస్తే నోటీసు మీ ఇంటికే వస్తుంది. పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి పేరు మారిందో లేదో వారానికోసారి చూడండి. నెల దాటినా మారకపోతే షోరూమ్‌కు మెయిల్ పెట్టి, ఆ కాపీ, అప్పగింత లెటర్ పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లండి.