పాలమూరు, నల్లగొండ ఎండలకు తట్టుకునే చిన్న గేమింగ్ పీసీ అసెంబుల్ చేయడం ఎలా?

మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. స్లాబ్ కింది గది రాత్రి పొద్దుపోయినా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఫ్యాన్లతో చల్లబడే ఏ పీసీ అయినా గది వేడికన్నా కిందికి దిగలేదు. అందుకే యూట్యూబ్‌లో ఎవరో 22 డిగ్రీల ఏసీ గదిలో చూపించిన అంకెలు మనకు పనికిరావు. చిన్న డబ్బాలో గాలి తిరిగే చోటే తక్కువ కాబట్టి, ఏ భాగం కొనాలన్నా ముందు వాట్లు లెక్కేయాలి.

1. వాట్ల లెక్క

రైజెన్ 5 7600 ప్రాసెసర్ గరిష్ఠంగా 88 వాట్లు లాగుతుంది. ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు 115 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఇంకో 40 వేసుకున్నా 250 దాటదు. 18 లీటర్ల కేసులో (అంటే డబ్బా ఘనపరిమాణం) ఈ జత మన ఎండకాలంలో కూడా ఇబ్బంది లేకుండా నడుస్తుంది. ఆర్‌టీఎక్స్ 4070 అయితే ఒక్క కార్డే 200 వాట్లు. అదీ పడుతుంది గానీ, తిన్న కరెంటంతా చివరికి వేడిగా గదిలోకే వస్తుందని గుర్తుంచుకోండి. 300 వాట్ల కార్డు పెట్టి మే నెలలో ఆడాలంటే గదికి ఏసీ ఉండాల్సిందే.

2. కొలతలు చూసి కొనడం

చిన్న కేసులకు వాడే మినీ ఐటీఎక్స్ బోర్డు 170 × 170 మి.మీ. ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న సైజు పవర్ సప్లై 125 × 100 × 63.5 మి.మీ. 650 వాట్ల గోల్డ్ రకం (కరెంటు తక్కువ వృథా చేసే రేటింగ్) చాలు. దాని వివరాల్లో పూర్తి వాట్లు ఎన్ని డిగ్రీల దగ్గర ఇస్తుందో చూడండి. 40 అని రాసినదానికన్నా 50 అని రాసినది మనకు మేలు.

మొదటిసారి చేసేవాళ్లు 10 లీటర్ల కేసుల జోలికి పోకపోవడమే మంచిది. వాటిలో చాలావాటికి పొట్టి కూలర్లే పడతాయి, అవి మన వేడికి గోల చేస్తాయి. కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200పీ లాంటి 18.25 లీటర్ల కేసులో 155 మి.మీ. ఎత్తు లోపు టవర్ కూలర్ నిలబడుతుంది. అద్దం పలక అందంగానే ఉంటుంది కానీ, ఎండకాలంలో మాత్రం రంధ్రాల పలకే వేయండి.

గ్రాఫిక్స్ కార్డుకు పొడవు ఒక్కటే చూస్తే సరిపోదు. మందం చూడాలి, పవర్ వైరు పక్క పలకకు ఒత్తుకుంటుందా అనేదీ చూడాలి. కొత్త 16 పిన్నుల కనెక్టర్ అయితే వైరును మొదటి 35 మి.మీ. దాకా వంచకూడదు. అక్కడ వంచితే పిన్ను సరిగా తగలక కాలే ప్రమాదం ఉంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి వెళ్లేవాళ్లు ముందు ఫోన్ చేసి వెళ్లండి. మినీ ఐటీఎక్స్ బోర్డులు, ఎస్‌ఎఫ్‌ఎక్స్ సప్లైలు అన్ని షాపుల్లో స్టాకు ఉండవు.

3. డబ్బా బయటే వెలిగించి చూడండి

బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే ప్రాసెసర్, ర్యామ్, కూలర్ బిగించి ఒకసారి ఆన్ చేయండి. కేసులో ఇరికించాక తప్పు తెలిస్తే మొత్తం విప్పాలి.

7600 కూర్చునే ఏఎమ్5 సాకెట్‌లో పిన్నులు బోర్డు వైపు ఉంటాయి, వేలు తగలనివ్వద్దు. బోర్డు వెనక ఉండే పలకను విప్పొద్దు, సాకెట్‌ను పట్టి ఉంచేది అదే. సొంత వెనక పలక కావాలనే పాత కూలర్లు దీనికి పట్టవు. థర్మల్ పేస్టు ప్రాసెసర్ మధ్యలో శనగగింజంత చాలు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటుంది, పీకేయండి. ఎస్‌ఎస్‌డీ మీది థర్మల్ ప్యాడ్‌కూ అలాంటి పొరే ఉంటుంది. బిగించిన వెంటనే వేడి 90 దాటితే ముందు అనుమానించాల్సింది ఈ పొరనే.

డీడీఆర్5 ర్యామ్‌తో మొదటిసారి స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది. బోర్డు ర్యామ్‌ను సరిచూసుకుంటోందన్నమాట. కొన్ని నిమిషాలు పడుతుంది. కంగారుపడి స్విచ్ ఆపితే మళ్లీ మొదటికొస్తుంది.

4. లోపల బిగించే వరస

ఎస్‌ఎస్‌డీలు ముందే వేసేయండి. బోర్డు వెనక ఇంకో స్లాటు ఉంటే అక్కడ గాలి తగలదు, గేముల డ్రైవు ముందు వైపే పెట్టండి. తర్వాత బోర్డు, ఆ తర్వాత పవర్ సప్లై, వైర్లు, ఆఖరున గ్రాఫిక్స్ కార్డు. పవర్ సప్లై ఫ్యాను రంధ్రాల పలక వైపు తిరిగి ఉండాలి. మిగిలిన వైర్లను కార్డుకీ అడుగు ఫ్యాన్లకీ మధ్య కుక్కొద్దు. వైర్లు ఊడదీయగలిగే మాడ్యులర్ సప్లై అయితే అక్కర్లేని వైర్లు అసలు తగిలించకండి. వేరే సప్లై వైర్లు ఇందులో వాడకండి. ప్లగ్గు పట్టినా పిన్నుల వరస వేరుగా ఉండి భాగాలు కాలిపోతాయి.

5. గాలి దారి

అడుగున రెండు 120 మి.మీ. ఫ్యాన్లు గాలిని లోపలికి లాగి నేరుగా కార్డుకు ఇవ్వాలి. పైన రెండు బయటికి తోయాలి. ఫ్యానుకు అడ్డంగా చట్రం కనిపించే వైపు నుంచే గాలి బయటికి వస్తుంది. కార్డు మందంగా ఉంటే అడుగున 15 మి.మీ. పలుచని ఫ్యాన్లు వేయండి. పీసీని పరుపు మీద, చాప మీద పెడితే అడుగు గాలి ఆగిపోతుంది. గోడ సజ్జలో మూసి పెట్టినా అంతే, వదిలిన వేడినే మళ్లీ పీలుస్తుంది.

6. వాట్లు కోయడం

ఫ్యాన్లు కొనేకన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది, పైసా ఖర్చు లేదు. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెర) 45 వాట్ల పేరుతో ఉన్న ఈకో మోడ్ పెడితే 7600 గరిష్ఠం 88 నుంచి 61 వాట్లకు దిగుతుంది. గేముల్లో తేడా పెద్దగా తెలియదు. గ్రాఫిక్స్ కార్డుకు ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 80 శాతానికి తగ్గించండి. ఓపిక ఉన్నవాళ్లు కంట్రోల్, ఎఫ్ నొక్కి వోల్టేజీ గీత తెరిచి, తక్కువ వోల్టేజీకే మామూలు క్లాక్ (కార్డు వేగం) వచ్చేలా సర్దుకోవచ్చు. గేమ్ మధ్యలో మూసుకుపోతే వోల్టేజీ ఒక మెట్టు పెంచండి.

7. జనవరిలోనే మే నెల లెక్క

గదిలో థర్మామీటరు పెట్టి, అరగంట బరువైన గేమ్ ఆడి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు వేడి చూడండి. గది 26, కార్డు 68 అనుకుందాం. పెరిగింది 42. ఫ్యాన్ల వేగం అదే అయితే గది 38 అయిన రోజు కార్డు 80 దగ్గర ఉంటుంది. 4060 కార్డు 83 దగ్గరికి వచ్చేసరికి క్లాక్ తగ్గించుకోవడం మొదలుపెడుతుంది కాబట్టి ఇది అంచులో ఉన్నట్టే. చలికాలంలో 75 వచ్చిందంటే ఎండకాలానికి ఆగకుండా ఇప్పుడే వాట్లు తగ్గించండి. 7600 ప్రాసెసర్ హద్దు 95.

8. దుమ్ము, కూలర్, కరెంటు

పాలమూరు ఎర్రమట్టి అయినా, మిర్యాలగూడ రైస్ మిల్లుల దుమ్ము అయినా జాలీ మీద పేరుకునేది త్వరగానే. ఎండకాలంలో పదిహేను రోజులకోసారి జాలీ తీసి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకుని బ్రష్షుతో దులపండి. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి మాత్రం కొట్టించొద్దు, అందులో నీళ్లు, నూనె తుంపర్లు ఉంటాయి.

నీళ్ల కూలర్ గదిని చల్లబరుస్తుంది, వాడుకోవచ్చు. కిటికీ తెరిచి, పీసీకి ఎదురుగా లేకుండా పెట్టండి. తుంపర్లు పడితే దుమ్ము బురదలా అంటుకుంటుంది, మన బోరు నీళ్ల ఉప్పు బోర్డు మీద తెల్లగా దిగుతుంది.

కేసు ముట్టుకుంటే జివ్వుమంటే ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. యూపీఎస్ కొనేటప్పుడు వీఏ అంకె కాకుండా వాట్ల అంకె అడగండి. చాలా 600 వీఏ పెట్టెలు ఇచ్చేది 360 వాట్లే, అందులో మానిటర్ కూడా కలుస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపితే దాని వెనక స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ పీసీ రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది.