బయట బాత్రూమ్ అంటే పిల్ల ఏడుస్తోందా? ముందు భయం దేనికో చూడండి

ఇంట్లో బుద్ధిగా కూర్చునే రెండున్నరేళ్ల పిల్ల, మాల్లోనో బస్టాండ్లోనో బాత్రూమ్ గుమ్మం చూడగానే మన మెడకి వేలాడిపోతుంది. మొండితనం అనుకుని బలవంతాన కూర్చోబెట్టారో, ఈసారి దూరం నుంచే ఏడుపు మొదలుపెడుతుంది. భయం అక్కడున్న ఏదో ఒక్కదానికి అయ్యుంటుంది, సరిగ్గా ఎక్కడ ఏడుపు లంకించుకుందో గమనిస్తే సగం పని అయిపోయినట్టే.

లోపలికి రాగానే చెవులు మూసుకుంటే

సౌండ్‌కి భయం. చేతులారబెట్టే డ్రయ్యర్ మనకంటే వాళ్లకి ఎక్కువ గోల, ఎందుకంటే అది వాళ్ల తల దగ్గరే ఉంటుంది. కెనడాలో స్కూల్ చదివే ఓ అమ్మాయి పిల్లల చెవి ఎత్తులో కొలిచి చూస్తే కొన్ని మెషిన్లు 100 డెసిబెల్స్ దాటాయి, అది 2019లో మెడికల్ జర్నల్లో కూడా వచ్చింది. కాబట్టి డ్రయ్యర్‌కి దూరంగా ఉన్న గదిలోకి వెళ్లండి, చేతులు కర్చీఫ్‌తో తుడిచెయ్యండి. సెన్సార్ ఫ్లష్ ఉంటే ఇంకో తంటా, పిల్ల కాస్త కదిలితే చాలు కింద నుంచి భోరుమని నీళ్లొస్తాయి. సెన్సార్ మీద టిష్యూ అంటించి, పిల్ల బయటికెళ్లాక తీసెయ్యండి. విమానంలో కూడా అంతే, పిల్ల తలుపు దాటాకే బటన్ నొక్కాలి.

కూర్చోబెట్టగానే కాళ్లు బిగదీస్తే

పడిపోతానని భయం. వెస్ట్రన్ సీటైతే ట్యాంక్ వైపు తిప్పి కూర్చోబెట్టండి, కాళ్లు ఎడంగా పడి పట్టు దొరుకుతుంది. ఇండియన్ టాయిలెట్లో కాళ్లు పెట్టే చోట్లు పిల్లలకి మరీ దూరం, అందుకే వెనక నుంచి తొడల కింద చేతులేసి, వీపు మన ఛాతీకి ఆనేలా ఎత్తి పట్టుకోండి. కడిగేటప్పుడు జెట్ స్ప్రే వద్దు, ఆ చల్లటి నీళ్లు ఒక్కసారి గట్టిగా తగిలితే ఇంకోసారి రమ్మన్నా రారు. బాటిల్లో నీళ్లు చాలు.

సుస్సుకి సరే, రెంటికి మాత్రం బిగబట్టుకుంటే

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బిగబట్టిన కొద్దీ మోషన్ గట్టిపడుతుంది, గట్టిపడితే నొప్పి, నొప్పి పుడితే ఇంట్లో కూడా కూర్చోనంటారు. మునివేళ్ల మీద నిలబడటం, కాళ్లు మెలేసుకోవడం, కర్టెన్ వెనక నక్కడం, ఇవన్నీ ముక్కుతున్నట్టు కనిపిస్తాయి గానీ నిజానికి ఆపుకుంటున్నారన్నమాట. పైగా దారిలో ఇబ్బంది అని మనమే ప్రయాణం రోజు నీళ్లు తగ్గించేస్తాం, అది చెయ్యకండి. తిన్న కాసేపటికి పేగులు కదులుతాయి, అందుకని టిఫిన్ పెట్టాక ఇంట్లోనే ఓ ఐదు నిమిషాలు కూర్చోబెట్టి బయల్దేరండి, కాళ్ల కింద పీట ఉండాలి. బొప్పాయి, జామ, నానబెట్టిన కిస్మిస్ పెట్టండి. రక్తం పడినా, వారానికి రెండుసార్లకి మించి రాకపోయినా, నిక్కర్‌కి మరకలు అవుతున్నా పిల్లల డాక్టర్‌కి చూపించండి, మోషన్ అయ్యే మందు సొంతంగా పొయ్యకండి.

బూచోడున్నాడు అంటే

ఇది మన ఇళ్లలో తయారైన భయం. "అల్లరి చేస్తే బాత్రూమ్‌లో పెట్టి తలుపేస్తా" అని నాన్నో నానమ్మో ఎప్పుడో అనే ఉంటారు. "అత్తయ్యా, ఆ మాట ఒక్కటి వద్దండీ" అని మర్యాదగా చెప్పి ఆపించండి. బయట చీకటిగా ఉంటే ఫోన్ లైట్ వెయ్యండి, ముందు మీరు లోపలికెళ్లి చూపించండి.

ఇక అలవాటు చెయ్యడానికి, అవసరం లేనప్పుడు కూడా లోపలికి తీసుకెళ్లి చేతులు కడిగించి తీసుకొచ్చెయ్యండి, అంతే, కూర్చోమని అడగొద్దు. లాంగ్ జర్నీలో డైపర్ వేస్తే తప్పేం లేదు, కానీ మార్చడం మాత్రం బాత్రూమ్ లోపలే చెయ్యండి. కారైతే చిన్న పాటీ డిక్కీలో పడేసుకోండి, లోపల కవర్ వేసి వాడని డైపర్ ఒకటి పరిస్తే ఒలకదు, అయ్యాక మూట కట్టి డస్ట్‌బిన్‌లో వేసెయ్యొచ్చు.