లాడ్జికి తాకట్టు లేని లోన్: ఫైలు చెడేది ఒక్కచోటే

కాచిగూడ స్టేషన్ దగ్గర లాడ్జి నడుపుతున్నాను. నా లోన్లు నేనే తెచ్చుకున్నాను, తెలిసినవాళ్ల ఫైళ్లూ చూసి పెడుతుంటాను. అందరూ ఒకేచోట, ప్రాజెక్ట్ రిపోర్ట్ దగ్గర బోల్తా పడతారు. మిగతాది గబగబా చెప్పేస్తాను.

ముందుగా ఒక సంగతి. తాకట్టు లేని లోన్ అనగానే వినపడే సీజీటీఎంఎస్‌ఈ మనకు డబ్బివ్వదు. కేంద్రం, చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ కలిసి 2000లో పెట్టిన ట్రస్టు అది. మనం ఎగ్గొడితే నష్టంలో చాలా భాగం భరిస్తానని బ్యాంకుకు మాటిస్తుంది, అంతే. అప్పు మనదే. ఏటా గ్యారంటీ ఫీజు కూడా మామూలుగా మన నెత్తినే పడుతుంది. 2025 ఏప్రిల్ నుంచి దీని పరిమితి 10 కోట్లు. రంగులు, నాలుగు ఏసీలే అయితే ఇంత దూరం రానక్కర్లేదు, చిన్న వ్యాపారాల లోన్ పథకం ముద్రలో తరుణ్ అనే రకం కింద 10 లక్షల దాకా ఇస్తారు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు): ఉచితం. ఆధార్, పాన్ ఉంటే కూర్చున్నచోటే అయిపోతుంది. దీనికి డబ్బు అడిగేవాడి గుమ్మం తొక్కొద్దు. అందులో వ్యాపారం రకం చెప్పే కోడ్ మాత్రం చూసుకోండి, 55తో మొదలయ్యేది వసతి, 56 తిండి. మన ఊళ్లో ఇడ్లీ బండి తప్ప అన్నిటినీ హోటలే అంటారు కాబట్టి ఇక్కడ పొరపాటు పడతారు.

కాగితాలు: మూడేళ్ల ఐటీ రిటర్నులు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ట్రేడ్ లైసెన్స్, ఫైర్ ఎన్‌ఓసీ. బిల్డింగ్ లీజుదైతే రిజిస్టరైన లీజు ఉండాలి, దాని గడువు లోన్ గడువు దాటాలి.

ఇక అసలు పని, ప్రాజెక్ట్ రిపోర్ట్, అంటే ఎంత వస్తుంది, ఎంత పోతుంది, లోన్ ఎలా తీరుస్తాం అని బ్యాంకుకు చూపించే లెక్క. దీన్ని ఏజెంటుకు అప్పజెప్పొద్దు. అమీర్‌పేటలో లాడ్జి ఉన్న ఒకాయన అప్పజెప్పాడు. రిపోర్టులో ‘బ్రహ్మోత్సవాల సీజన్‌లో గదులన్నీ నిండును’ అని ఉంది. తిరుపతి లాడ్జి రిపోర్టులో పేరు మార్చి ఇచ్చాడన్నమాట ఆ ఏజెంటు మహానుభావుడు. బ్యాంకులో ఆయన ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లెక్క మీరే వేయండి. 20 గదులు, 365 రోజులు, అంటే ఏడాదికి 7,300 గది-రోజులు. గది 1,200 అనుకుందాం. అందరూ 90 శాతం నిండుతాయని రాసి 78.84 లక్షలు చూపిస్తారు. నేనైతే 55 శాతం మించి రాయను. 48.18 లక్షలు వస్తాయి, అడిగితే రిజిస్టర్ తెరిచి చూపించగలను. నెలవారీగా కూడా విడగొట్టాలి. జనవరిలో నుమాయిష్, మృగశిర కార్తెకు చేపమందు, పెళ్లి ముహూర్తాలు ఉన్నప్పుడు గదులు దొరకవు. ఆషాఢంలో, మూఢంలో తాళాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఆ ఖాళీ నెలలు రిపోర్టులో కనపడాల్సిందే.

ఇంకా పెద్ద తప్పు ఒకటుంది. బిల్లు లేకుండా నగదు తీసుకుని రిటర్నుల్లో 30 లక్షలు చూపిస్తారు, రిపోర్టుకొచ్చేసరికి ‘నిజానికి 60 అండీ’ అంటారు. బ్యాంకుకు రిటర్నులో ఉన్నదే నిజం. లోన్ కావాలంటే కనీసం ఏడాది ముందు నుంచే ప్రతి గదికీ బిల్లు కొట్టండి. పన్ను పోతుందని ఏడిస్తే లోన్ మాట మర్చిపోండి.

ఖర్చులన్నీ పోను మిగిలేది ఏడాది వాయిదాలకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. వాయిదాలు 8 లక్షలైతే 12 లక్షలు మిగలాలి. మిగలకపోతే అడిగే మొత్తం తగ్గించండి, గదులు నిండే శాతం పెంచొద్దు. గదులు బాగు చేయిస్తున్నన్నాళ్లు ఆదాయం ఉండదు కాబట్టి అసలు (ప్రిన్సిపల్) వాయిదాలకు మారటోరియం, అంటే కొన్నాళ్లు కట్టకుండా ఆగే వెసులుబాటు అడగండి.

బ్యాంకుకు మంగళవారమో బుధవారమో వెళ్లాలి. నెలాఖరులో అసలు వద్దు. కరెంట్ అకౌంట్ ఉన్న బ్రాంచికే వెళ్లండి. మేనేజర్ ‘ఆషాఢంలో ఎలా కడతారు?’ అని అడిగితే నోటితో చెప్పకుండా రిపోర్టులో ఆ నెల పేజీ తిప్పి ఆయన ముందు పెట్టండి.