యూపీఎస్ ఇరవై నిమిషాలకే కుయ్‌మంటోందా? బ్యాటరీ మార్చే ముందు మీటర్ ఇక్కడ పెట్టండి

కరెంటు పోతుంది. నాలుగు ఫ్యాన్లు, టీవీ, రూటర్ యూపీఎస్ మీద నడుస్తుంటాయి. (మన ఊళ్ళో ఇన్వర్టర్ అంటాం, బెంగళూరులో అంతా యూపీఎస్సే.) మూడు గంటలు రావాల్సింది ఇరవై నిమిషాలకే కుయ్ కుయ్‌మంటూ ఆగిపోతుంది. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దర్జాగా 12.6 వోల్టులు చూపిస్తుంది. యూపీఎస్ లోపలి బోర్డు పోయిందని ఒకరు, బ్యాటరీ పోయిందని ఒకరు. ఇద్దరూ లోడ్ లేకుండా చూసి చెప్పినవాళ్ళే. పడుకున్న మనిషికి ఆయాసం లేదని పరుగు పందెంలో పేరు రాయిస్తామా?

ముందు మీ మీటర్ సంగతి. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే చౌక మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోయిందేమో కూడా చూసుకోండి. అలాగే తీసుకెళ్ళి బ్యాటరీకి ఆనిస్తే అది కొలవడం కాదు, షార్ట్ చేయడం.

ఇప్పుడు అందరూ దాటేసే పరీక్ష: ఫ్యాన్లన్నీ వేసి, యూపీఎస్‌కి మెయిన్ కరెంటు ఆపి, లోడ్ నడుస్తుండగా కొలవండి. పిన్నులు ఆనించాల్సింది బ్యాటరీ సీసపు దిమ్మలకే, బోల్టుకో లగ్గుకో (కేబుల్ చివర నొక్కిన లోహపు కొస) కాదు. దిమ్మ దగ్గరే కొద్ది నిమిషాల్లో 11 కిందికి జారిపోతే బ్యాటరీ పని అయిపోయినట్టే. నీళ్ళు చూసుకోండి, హైడ్రోమీటర్‌తో (ఆసిడ్ చిక్కదనం చూపే గొట్టం) ఆరు సెల్లులూ చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా తగ్గి ఉంటే ఇక వాదన అనవసరం, మార్చేయండి.

దిమ్మ దగ్గర 11.7 నిలబడి ఉన్నా యూపీఎస్ ఏడుస్తోందంటే, దొంగ మధ్య దారిలో ఉన్నాడు. నన్ను నిలువునా ముంచింది వీడే.

రామమూర్తినగర్‌లో మా చిన్నమ్మ వాళ్ళింట్లో సరిగ్గా ఇదే గోల. నేనే చూసి, దిమ్మలు గీకి, బోల్టు బిగించి, లాభం లేక కొత్త ట్యూబులర్ బ్యాటరీ వేయించాను. పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాం. వారం తిరక్కుండానే ఫోను: "అంత డబ్బు పోసినా ఇదే గోల ఏంది నాయనా?" వెళ్ళి మీటర్‌ని కంటిన్యుటీలో (తీగ తెగకుండా ఉంటే బీప్ అనే చోట) పెడితే కేబుల్ అంతా బీప్ అంటోంది. ఓమ్స్‌లో పెడితే 0.3. మీటర్ వైర్లు రెండూ ఒకదానికొకటి ఆనించినా అదే 0.3. అంటే కేబుల్లో ఏమీ లేనట్టేగా అనుకున్నాను.

ఉంది. అది 0.02 ఓమ్. ఇంట్లో వాడే మీటర్ ఆ రేంజిలో దాన్ని చూడలేదు. బీపర్ అయితే పదుల ఓమ్‌లు ఉన్నా సంతోషంగా మోగుతుంది. కానీ 45 ఆంపియర్లు పారుతున్నప్పుడు ఆ 0.02 దగ్గర 0.9 వోల్టు పోతుంది, 40 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత. బ్యాటరీ దగ్గర 11.7 ఉన్నా, తీగల సొంత ఖర్చు కూడా పోను యూపీఎస్‌కి అందేది 10.6. దాని దృష్టిలో బ్యాటరీ అయిపోయింది, ఆపేస్తుంది. పాపం, దాని తప్పేముంది?

ఇలాంటిదాన్ని పట్టుకోవాలంటే మీటర్‌ని వోల్టుల్లోనే ఉంచి ఒకే తీగ రెండు చివరలా ఆనించాలి. వినడానికి వెర్రిగా ఉంటుంది. ప్లస్ నుంచి ప్లస్‌కి కొలిస్తే ఏముంటుంది, సున్నాయేగా? లోడ్ లేకపోతే సున్నాయే. లోడ్ ఉన్నప్పుడు చూడండి. ముందు 20 వోల్టుల రేంజి, తర్వాత 2000 మిల్లీవోల్టులు. ఒక పిన్ను బ్యాటరీ ప్లస్ దిమ్మ మీద, రెండోది యూపీఎస్ ప్లస్ టెర్మినల్ మీద: చిన్నమ్మ ఇంట్లో 0.95 వోల్టు. మైనస్ వైపు అలాగే చూస్తే 0.12. ఆ 0.12 తీగ సొంత ఖర్చు, దాన్ని తప్పుపట్టలేం. ప్లస్ వైపు మిగతా 0.83 ఎవరు తింటున్నారు?

దారిని ముక్కలు చేస్తూ పోవడమే. దిమ్మ నుంచి లగ్గుకి 15 మిల్లీవోల్టులు, అంటే నా బిగింపు బాగానే ఉంది. ఆ తర్వాత లగ్గు మీద ఒక పిన్ను ఉంచి, జానెడు అవతల కేబుల్ తొడుగులోకి గుండుసూది దించి రెండో పిన్ను దానికి ఆనించాను. 820! పైన నల్లటి స్లీవ్ నున్నగా మెరుస్తోంది. దాన్ని చీరితే లోపల తీగలన్నీ పచ్చటి చిలుము. ఆసిడ్ ఆవిరి స్లీవ్ కిందికి పాకి, లగ్గు నొక్కిన చోట తీగని తినేసింది. బయట గీకిన ఉప్పుకాగితం అక్కడిదాకా ఎలా పోతుంది?

బాగుచేయడం కష్టమేం కాదు. యూపీఎస్ ఆపి, ప్లగ్ తీసి, బ్యాటరీకి ముందు మైనస్ విప్పండి. స్పానర్ రెండు దిమ్మలకీ అడ్డంగా పడకూడదు, చేతికి ఉంగరం ఉండకూడదు. ఎర్రటి రాగి కనిపించేదాకా కేబుల్ కోసుకుంటూ రండి. ఎంత కోసినా నలుపే వస్తుంటే కేబుల్ మొత్తం మార్చాల్సిందే. తగరం పూత ఉన్న రాగి లగ్గులు బెంగళూరు ఎస్.పి. రోడ్డులో విడిగా దొరుకుతాయి. వాటిని క్రింపింగ్ టూల్‌తోనే నొక్కించండి, సుత్తితో కొట్టి సరిపెట్టకండి. స్లీవ్ జిగురున్నది వేసి, బోల్టు బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాయండి. మళ్ళీ లోడ్ వేసి కొలిస్తే చిన్నమ్మ ఇంట్లో ప్లస్ వైపు 0.13 వచ్చింది.

అరుదైనవి రెండు. మైనస్ దిమ్మ మీద ఒక పిన్ను ఉంచి, రెండోది బ్యాటరీ పైమూత మీద తడిచోట జరపండి. వోల్టులు కనబడితే ఆసిడ్ పొర మీదుగా ఛార్జి కారుతోంది. మూతలు బిగించే ఉంచి సోడా ఉప్పు నీళ్ళ గుడ్డతో తుడవండి, చాలు. ఇవన్నీ సరిగ్గా ఉండి, యూపీఎస్ టెర్మినల్ దగ్గర కూడా 11.5 ఉండగానే ఆగిపోతుంటే అప్పుడు బోర్డు. అది మెకానిక్ పని.

ఇంకొకటి, మీ ఇంట్లో ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో తెలుసుకోవడం. 45 ఆంపియర్లని మీటర్లోంచి పంపలేం, క్లాంప్ మీటర్ అందరి దగ్గరా ఉండదు. 10 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ ఒక మీటరు పొడవుకి సుమారు 1.72 మిల్లీఓమ్‌లు. టేపుతో కొలిచి ఒక మీటరు దూరంలో రెండు గుండుసూదులు దించి మిల్లీవోల్టులు చూసి 1.72తో భాగించండి. 60 వస్తే దాదాపు 35 ఆంపియర్లు. సూదులు తీశాక ఆ రంధ్రాల మీద టేపు చుట్టడం మరిచిపోకండి, చిలుము దూరేది అలాంటి సందుల్లోంచే.