ఎండలు ముదిరేలోపు: చొంగ తగ్గే మందు వాడే పిల్లల విషయంలో ఇవి చూసుకోండి

రోహిణి కార్తెలో ఒంగోలు, కావలి ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పడం) లాంటి ఇబ్బంది ఉన్న పిల్లలకు చొంగ తగ్గడానికి గ్లైకోపైరోలేట్ అనే మందు వాడుతున్నవాళ్లు కాస్త ముందే జాగ్రత్త పడండి.

– అన్నిటికన్నా ముందు వేడి. ఈ మందు చొంగతో పాటు చెమటనూ తగ్గిస్తుంది, చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడదు, పైగా మాటలు రాని బిడ్డ ఉక్కపోస్తోందని చెప్పలేదు. ఒళ్లు కాలుతూ మగతగా ఉంటే నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేసవి డోసు గురించి డాక్టరును ఇప్పుడే అడగండి.

– విరేచనం, మూత్రం రోజూ గమనించండి. ఈ మందుతో రెండూ బిగుసుకోవచ్చు, కారణం మనకు తెలియదు, బిడ్డ ఏడుస్తూనే ఉంటుంది.

– తిండికి గంట ముందు గానీ, రెండు గంటల తర్వాత గానీ ఇవ్వండి. అన్నంతో ఇస్తే ఒంటికి సరిగా పట్టదు.

– చొంగ ఉన్నట్టుండి ఎక్కువైతే డోసు పెంచేయకండి. పుచ్చిన పన్ను, గొంతు నొప్పి, ముక్కు దిబ్బడ చూడండి. ఫిట్స్‌కి ఇచ్చే క్లోబజామ్ వల్ల కూడా పెరుగుతుంది, కానీ దాన్ని మీరుగా ఆపొద్దు, ప్రమాదం.

– చొంగ తుడిచేటప్పుడు గడ్డం రుద్దకండి, మెత్తటి నూలుగుడ్డతో అద్దండి.