సాగర్ పోతే నాగార్జునకొండను ఇలా చూడండి

మన నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వాళ్లలో చాలామంది సాగర్ పోతే డ్యాం గేట్లు చూసి, చేపల వేపుడు తిని వచ్చేస్తారు. ఈసారి ఒక రోజంతా పెట్టుకోండి. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇక్కడే ఉండేది, సింహళ (శ్రీలంక) బౌద్ధ ఆచార్యులకు కూడా ఇక్కడ విహారం ఉండేది.

శుక్రవారం వద్దు, నీళ్ల మధ్య దీవిలా ఉన్న కొండ మీది మ్యూజియంకు సెలవు. అవతలి ఒడ్డున విజయపురి సౌత్‌లో పొద్దున్నే లాంచీ ఎక్కండి. నీళ్లు తగ్గినా గాలి ఎక్కువైనా లాంచీలు ఆపేస్తారు, ముందే ఫోన్ చేసి కనుక్కుంటే టెన్షన్ ఉండదు. కొండ మీద గంట అస్సలు చాలదు, తర్వాతి లాంచీలో తిరిగి రావచ్చా అని టికెట్ తీసుకునేటప్పుడే అడగండి.

మ్యూజియంలో శిల్పాల కంటే ముందు లోయ నమూనా దగ్గర నిలబడండి. విహారాలు, స్తూపాలు బయటపడిన ఆ లోయ ఇప్పుడు నీళ్ల కింద ఉంది. ప్రాజెక్టు ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, తొమ్మిది కట్టడాలను విప్పి తెచ్చి కొండ మీద, ఒడ్డున అనుపులో మళ్లీ కట్టారు, మరో పద్నాలుగింటికి నమూనాలు చేశారు. ఏది అసలు, ఏది నమూనా అన్నది అడిగి తెలుసుకుంటూ చూడండి, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం ఇదే.

మహాచైత్యం అనే పెద్ద స్తూపం దగ్గర పునాది గమనించండి, బండి చక్రం ఆకుల్లా లోపల అడ్డగోడలు కనిపిస్తాయి. దాన్ని కట్టించింది ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి. ఇంకో శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక (బుద్ధుడి గృహస్థ భక్తురాలు), కాశ్మీరం, గాంధారం, చీనా, వనవాసి లాంటి చోట్ల జనాన్ని ధర్మం వైపు తిప్పిన సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం (పూజా మందిరం) కట్టించినట్టు చెప్పింది. ఇంత గొప్ప చోటు వెనుక ఆడవాళ్ల దానాలు ఎన్ని ఉన్నాయో పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ఒడ్డుకు వచ్చాక అనుపు వెళ్లండి. విహారంలో నడుమ మండపం, చుట్టూ భిక్షువుల గదులు, దగ్గర్లోనే మెట్ల రంగస్థలం. ఎండ బాగా కొడుతుంది, నీళ్లు ఎక్కువే పెట్టుకోండి. టైం మిగిలితే ఇవతల నందికొండలో 2022లో తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ పార్కు చూడొచ్చు, అయితే అది కొత్త కట్టడం, అనుపు మానేసి మాత్రం వెళ్లకండి. ఫణిగిరి అనే బౌద్ధ క్షేత్రం కూడా మన పాత నల్లగొండ జిల్లాలోనిదే, కానీ దాన్ని ఇదే రోజులో ఇరికించకుండా వేరే రోజు పెట్టుకోండి.