మోషన్ బిగిస్తే ముందు మందుల కవరు విప్పండి

"నాలుగు రోజులైంది దొడ్డికెళ్లి, ఏదైనా గట్టి మాత్రియ్యి బాబూ." సోంపేటలో మందుల షాపు నడిపే నాకు ఇది రోజూ వినపడే మాటే. అడిగేది ఎక్కువగా అరవై దాటినవాళ్లు, లేదంటే వాళ్ల కోడళ్లు. మాత్ర తీసే ముందు నేనొకటే అడుగుతాను: "ఇంట్లో వాడుతున్న మందులన్నీ ఒకసారి పట్టుకురా అమ్మా."

పేగు గోడలో దానికంటూ ఒక నరాల అల్లిక ఉంది. మెదడు చెప్పినా చెప్పకపోయినా తిన్నదాన్ని ముందుకు నడిపేది అదే. అందులో కోట్ల కొద్దీ నరాల కణాలుంటాయి. వయసు మీదపడే కొద్దీ, ముఖ్యంగా పెద్దపేగులో, వాటిలో కొన్ని పోతాయి. మనుషుల పెద్దపేగును పరిశీలించినప్పుడు, ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో కండరాన్ని బిగించే కణాలు తగ్గినట్టు తేలింది. కండరాన్ని వదులు చేసేవి అంతగా తగ్గలేదు. బండి తోసేవాళ్లు తగ్గి, వెనక్కి పట్టేవాళ్లు అలాగే ఉన్నట్టు. చిన్నపేగు వేగం మాత్రం పెద్దగా మారదు.

ఇక ఆ కవరు సంగతి. మొన్న ఒక పెద్దాయన కవరు బల్ల మీద గుమ్మరిస్తే సగం కత్తిరించిన షీట్లు బయటపడ్డాయి. కడుపునొప్పికి డైసైక్లోమిన్, జలుబుకి క్లోర్‌ఫెనిరమిన్, తిమ్మిర్లకి అమిట్రిప్టిలిన్. మూడూ ముగ్గురు డాక్టర్లు రాసినవి. మూడూ అడ్డుకునేది ఆ ఎసిటైల్‌కోలిన్ పనినే! నొప్పులకి వాడే ట్రమడాల్, ఐరన్, కాల్షియం మాత్రలు కూడా మోషన్ బిగిస్తాయి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. అన్నీ ఒకే డాక్టరు ముందు పెట్టి, ఏది తగ్గించొచ్చో అడగండి. (టీవీలో వచ్చే చూర్ణాల గురించి నన్ను అడక్కండి, నావీ అమ్ముడుపోవాలి కదా.)

పేగు చురుగ్గా కదిలేది పొద్దున్న లేచాక, ఏదైనా తిన్నాక. అందుకే టిఫిను అయిన అరగంటలోపు వెళ్లి కూర్చోమనండి, అప్పుడు రాకపోయినా సరే. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వెయ్యండి. ముక్కించొద్దు.

తిండిలో చోడి (రాగి) అంబలి, ఆకుకూరలు, జామపండు మంచివే, కానీ పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది. ఇసబ్‌గోల్ వేస్తే గ్లాసు నిండా నీళ్లుండాలి, మింగడం కష్టమైనవాళ్లకి అసలు వద్దు. పెద్దవాళ్లకి దాహం సరిగ్గా తెలియదు, అడిగేదాకా ఆగకుండా నీళ్లు అందించండి.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానం ప్రాంతంలో మాత్రం ఈ సలహా అందరికీ కుదరదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి నీళ్లు ఎన్ని తాగాలో, పండ్లు, ఆకుకూరలు ఎంత తినాలో డాక్టరు చెప్పిన లెక్కే లెక్క. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా లాంటి విరేచనం మందులు వాళ్లకి ప్రమాదం, ఒంట్లో మెగ్నీషియం పేరుకుపోతుంది. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంతో చెప్పకుండా అడిగితే నేను ఆ సీసా ఇవ్వను.

మోషన్‌లో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, ఇన్నాళ్లూ లేని మలబద్ధకం కొత్తగా మొదలవడం కనిపిస్తే షాపుకి రావొద్దు, నేరుగా డాక్టరు దగ్గరికెళ్లండి. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.